వంశంలో లేని పేరు

హన్మవ్వ నోట్లో నలభై రెండు ఊళ్లున్నాయని అనేవాళ్లు. ఒట్టి పొగడ్త కాదది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల కాపుల ఇళ్లలో ఎవరి తాత ఎవరు, ఆ తాతకు అన్నదమ్ములెందరు, ఎవరు ఏ ఊరికి వలసపోయారు, ఎవరి వంశం ఎక్కడ ఆగిపోయింది, అంతా ఆమెకు కంఠతా వచ్చు. వంశావళి చెప్పడం ఆమె అత్తగారింటి వృత్తి. పంట ఇళ్లకు చేరాక భర్త మల్లయ్య ఊరూరా తిరిగి పాడేవాడు. ఆమె వెనక నిలబడి వంత కలిపేది. మల్లయ్యకు చూపు పోయాక వంత పాడిన మనిషే ముందుకొచ్చి నిలబడింది. అతను పోయి పదేళ్లయింది. ఇప్పటికీ అడిగితే ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

అందుకే ఎస్సై సాయిలత ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

పోచారం దాటాక ఉన్న ఆ చిన్న ఊరికి జీపు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. హన్మవ్వ కొడుకు దివాకర్ రేకుల షెడ్డులో బోరు మోటారు విప్పి కూర్చున్నాడు. చేతులు తుడుచుకుని వచ్చి ఎస్సైకి కుర్చీ వేసి, మళ్లీ షెడ్డులోకి వెళ్లాడు. నలభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. ఎనిమిదేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చి, పెళ్లి చేసుకుని, ఇద్దరు ఆడపిల్లల తండ్రయ్యాడు. తల్లికి జ్వరమొస్తే పని మానుకుని పక్కన కూర్చునే కొడుకు.

"ఊట్లపల్లి వాళ్ల వంశం నీకు మొత్తం ఎర్కేనట గదా అవ్వా?" అంది సాయిలత.

"ఎర్కే బిడ్డా. ఏమాయె?"

ఊట్లపల్లి వారిది ఆ ప్రాంతంలో పెద్ద ఇల్లు. పెద్దాయన గంగారాం ఎప్పుడో పోయాడు. కొడుకు రమేశ్ ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. రమేశ్ కొడుకు సిద్దార్థ కామారెడ్డిలో చదువుతూ ఆ మధ్య ఒక కొట్లాటలో ఇరుక్కున్నాడు. తలలు పగిలాయి కాబట్టి పోలీసులు అందరి రక్తం తీసి హైదరాబాదు ల్యాబుకు పంపారు. ల్యాబువాళ్లు అదే సమయంలో పాత కేసుల నమూనాలు మళ్లీ తీసి చూస్తున్నారు. సిద్దార్థ రక్తంలోని ఒక గుర్తు పదహారేళ్ల నాటి మరకతో కలిసింది.

"ఏ కేసు బిడ్డా?"

"ఉమాదేవిది."

హన్మవ్వ పమిట కొంగు సర్దుకుంది. షెడ్డులో ఇనుప పానా కింద పడిన చప్పుడయింది. దివాకర్ వంగి దాన్ని తీసుకున్నాడు.

ఉమాదేవి అంగన్‌వాడీ టీచరు. ఇరవై మూడేళ్ల పిల్ల. రెండువేల ఎనిమిది కార్తీకంలో తండాలో పిల్లల తూకాలు చూసి తిరిగివస్తుంటే కాలువ గట్టు దగ్గర ఎవరో ఆమెను పాడుచేసి చంపేశారు. చేతిలోని స్టీలు డబ్బా మూతతో ఆమె గట్టిగానే కొట్టినట్టుంది. చీర కొంగుకు అంటిన రక్తం ఆమెది కాదు. ఆ చీర ఇన్నాళ్లూ సీలు వేసిన సంచిలో ఉంది.

"సిద్దార్థ అప్పుడు మూడేండ్ల పోరడు. వాడు కాదు. కానీ తండ్రి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి మనుమనికి మారకుండ దిగే గుర్తొకటి ఉంటది అవ్వా. ఆడపిల్లలకు రాదు. ఆ దినం చంపినోడు గా ఇంటి మగోడే," అంది సాయిలత.

"మేం చెప్పే వంశం గూడ గంతే బిడ్డా. ఆడపిల్లలు అండ్ల ఉండరు," అంది హన్మవ్వ. గొంతు మామూలుగానే వచ్చింది. అదే ఆమెకు వింతనిపించింది.

"పోయి చెప్పు అవ్వా. ఒక్కన్ని గూడ ఇడవకు. ఆ పిల్ల ఉసురు ఊకెనే పోతదా?" అన్నాడు దివాకర్ షెడ్డులోంచి.

మర్నాడు అతనే బండి మీద ఎక్కించుకుని ఎల్లారెడ్డి ఠాణాకు తీసుకెళ్లాడు. ఆమె బల్ల ముందు కూర్చుని మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టింది. ఏడు తరాలు, నాలుగు కొమ్మలు. ఒక కొమ్మ బీర్కూరు పోయింది, ఒకటి మాచారెడ్డి పోయింది. సాయిలత పెద్ద కాగితం మీద గీతలు గీస్తూ పేర్లు రాసుకుంది. బతికున్న మగవాళ్లు పందొమ్మిది మంది తేలారు. గంగారాం పేరు దగ్గరికి వచ్చేసరికి హన్మవ్వ ఒక్క క్షణం ఆగింది.

"గంగారాంకు కొడుకు ఒక్కడే. రమేశ్," అని ముందుకు సాగింది.

బయట దివాకర్ మిర్చీ బజ్జీల పొట్లంతో ఎదురుచూస్తున్నాడు. "ఆకలైతున్నదా అవ్వా?" అన్నాడు. ఆమె ఒకటి తీసుకుని చేతిలోనే పట్టుకుంది.

రెండు విషయాలను హన్మవ్వ పదహారేళ్లుగా మనసులో రెండు మూలల్లో పెట్టి, ఒకదానికొకటి ఎదురుపడకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఆ కార్తీకంలో ఒక సాయంత్రం దివాకర్ ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. అరచేయి అడ్డంగా తెగింది. రేకు కోసిందన్నాడు. ఆమె పసుపు అద్ది కట్టు కట్టింది, నెత్తురంటిన అంగీ ఉతికి ఆరేసింది. ఉమాదేవి సంగతి తెల్లారి తెలిసింది. నెల తిరక్కుండానే అతను మస్కట్ పోయాడు. ఆమె ఏమీ అడగలేదు. అడగకపోతే లేనట్టే అనుకుంది.

ఇప్పుడు ఆ రెండూ కదలడం మొదలుపెట్టాయి.

పోలీసులు ఒక్కొక్కరినీ పిలిచి దూది పుల్లతో చెంప లోపల రాసి పంపించారు. గల్ఫ్‌లో ఉన్న ఒకడిని కూడా సెలవు పెట్టించి రప్పించారు. ఊట్లపల్లి వారి ఇళ్లలో ఆడవాళ్లు మొగుళ్ల ముఖాలు ఓరగా చూసుకునే రోజులు వచ్చాయి. రమేశ్ దుకాణానికి జనం తగ్గారు. దివాకర్ మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. అన్నం తింటూ, "ఇంకెంతమంది మిగిలిండ్రట?" అని అడిగేవాడు. పెద్దింటివాళ్లు నోరు తెరుచుకుని నిలబడుతున్నారని భార్య అనిలకు చెప్పి నవ్వేవాడు. అతని నవ్వు విన్నప్పుడల్లా హన్మవ్వ కంచం పక్కకు జరిపి లేచేది.

నెలన్నర తర్వాత సాయిలత మళ్లీ ఠాణాకు పిలిచింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"పందొమ్మిది మందిల ఒక్కడు గూడ కాదు అవ్వా. కానీ రక్తం గా ఇంటిదే. ల్యాబోళ్లు కరాఖండిగా చెప్తున్నరు. అంటే ఈ కాగితం మీద లేనోడు ఒకడున్నడు. చిన్నప్పుడు దత్తతకు ఇచ్చిండ్రో, లేకుంటే..." ఆమె మాట ఆపి హన్మవ్వ వైపు చూసింది. "ఆలోచించు. ఉమాదేవి తల్లి భూమక్క ప్రతి సోమవారం వచ్చి గా బెంచి మీద కూసుంటది."

"యాది చేసుకుంట బిడ్డా. రేపు చెప్త," అంది హన్మవ్వ.

తిరుగుదారిలో పోచారం కట్ట దగ్గరకు రాగానే ఆమె కొడుకు భుజం తట్టింది.

"బండి ఆపు కొడుకా."

"ఏందవ్వా, నడుము నొస్తున్నదా?"

ఆమె దిగి కల్వర్టు గోడకు ఆనుకుంది. పొద్దు ఇంకా వాలలేదు. చెరువు నిండా నీళ్లున్నాయి, రోడ్డు మీద నరమానవుడు లేడు.

"వాళ్లు దేవులాడే మనిషి గా కాగితం మీద లేడు. ఎందుకు లేడో నాకెర్క," అంది.

"మరి మేడానికి చెప్పకపోయినవ్?"

"మల్లయ్య నిన్ను పెంచిండు. ఆయనకు నువ్వంటే పానం. కానీ నువ్వు ఆయనకు పుట్టలేదు కొడుకా. ఒక యేడు ఆయనకు జ్వరమొస్తే పాటకు ఇచ్చే త్యాగం వడ్లు తెచ్చుకుందామని నేనొక్కదాన్నే గంగారాం ఇంటికి పోయిన. వడ్ల గరిసెలున్న అర్రలకు రమ్మన్నడు. తలుపేసిండు." ఆమె గొంతు తడబడలేదు. లోపల వేయిసార్లు చెప్పుకున్న మాటలవి. "నువ్వు ఊట్లపల్లోళ్ల పిలగానివే."

ఈ మాట ఎప్పుడైనా చెప్పవలసి వస్తే కొడుకు ఏమంటాడో ఆమె చాలాసార్లు ఊహించుకుంది. కోపగించుకుంటాడు, లేదంటే ఏడుస్తాడు. నిన్ను అంత బాధపెట్టినోని ఇంటి ముందు ఇన్నేండ్లు ఎట్ల పాడినవని అడుగుతాడు.

దివాకర్ అవేవీ అనలేదు. బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. రోడ్డును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"గీ సంగతి ఇంకెవ్వలికెర్క?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నతో హన్మవ్వకు అంతా తెలిసిపోయింది.

"ఎవ్వలికి ఎర్క లేదు. నేనొక్కదాన్నే," అంది. అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకు అర్థం కాలేదు.

దివాకర్ దగ్గరికొచ్చాడు. ఎప్పటి నెమ్మదైన గొంతే. "ఎండకు నిలవడితే నీకు కండ్లు తిరుగుతయి అవ్వా. కట్ట కిందికి పోదాం రా. నీడుంటది."

"నాకేం కాదు."

"రారాదు." అతను ఆమె మోచేయి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. జ్వరమొచ్చినప్పుడు లేపి కూర్చోబెట్టడానికి పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. నీటి వైపు ఒక అడుగు వేయించాడు. ఇంకో అడుగు వేయించాడు. ఆమె కాలి కింద కంకర జారి దొర్లుకుంటూ పోయి నీళ్లలో పడింది.

అప్పుడే మలుపులో మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు కనబడింది. హన్మవ్వ రెండో చేయి పైకెత్తి, పాటకు ఎత్తుకునే గొంతుతో కేకేసింది. బస్సు ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "ఏంది హన్మవ్వా, ఎల్లారెడ్డికా? ఎక్కు," అన్నాడు. దివాకర్ వేళ్లు వదులయ్యాయి.

ఆమె వెనక సీటులో కూర్చుంది. అద్దంలోంచి చూస్తే అతను కట్ట మీద కదలకుండా నిలబడి ఉన్నాడు.

ఠాణాలో సాయిలత కాగితం మళ్లీ పరిచింది. హన్మవ్వ కూర్చోకుండానే చెప్పింది.

"గంగారాంకు కొడుకులు ఇద్దరు. పెద్దోడు రమేశ్. చిన్నోడు దివాకర్."

పెన్ను ఆగింది. "మీ దివాకరేనా అవ్వా?"

"నా దివాకరే."

గరిసెల అర్ర సంగతి, తెగిన చేయి, మస్కట్ ప్రయాణం అన్నీ చెప్పింది. "అంగీ నేనే ఉతికిన. అది గూడ రాసుకో బిడ్డా," అంది. సాయిలత రాస్తుండగానే హన్మవ్వ చేతిలోని ఫోను మోగింది. దివాకర్.

"ఏడున్నవ్ అవ్వా? నేను గేటు కాడున్న. రా, ఇంటికి పోదాం. పిల్లలు నీకోసం సూస్తున్నరు."

ఆమె సాయిలత ముఖంలోకి చూసింది. "లోపలికి రా కొడుకా. నేను చెప్పేసిన," అంది ఫోనులో.

గేటు దగ్గర బండి దూకుతూ వెళ్లిన చప్పుడయింది. కానిస్టేబుళ్లు పరుగెత్తేలోపే మలుపు తిరిగాడు. చీకటి పడేముందు కామారెడ్డి రైల్వే స్టేషన్‌లో ఒక బెంచి మీద దొరికాడు. పెనుగులాడలేదు. పన్నెండో రోజున ల్యాబు నుంచి కబురొచ్చింది. ఈసారి సగం సగం పోలిక కాదు. ఆ రక్తం అతనిదే.

అనిల పిల్లలిద్దరినీ తీసుకుని బీర్కూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. పోయేముందు వాకిట్లో నిలబడి ఒక్క మాటే అడిగింది. "నువ్వు సచ్చేదాక ఊకుంటే ఏం పోతుండె అత్తమ్మా?" కట్ట మీద జరిగింది హన్మవ్వ కోడలికి చెప్పలేదు. ఆ ఆడపిల్లలు పెద్దయ్యేదాకా తండ్రి గురించి అదొక్కటన్నా వినకుండా ఉండాలనుకుంది.

మరుసటి సోమవారం ఆమె భూమక్క ఇంటికి వెళ్లింది. అరుగు మీద కూర్చోకుండా, నిలబడి అంగీ సంగతి చెప్పింది. భూమక్క చేటలోని పప్పు ఏరుతూ చివరిదాకా విన్నది.

"చేసింది ఎవ్వడో నీకు అప్పుడే ఎర్కనా?" అని అడిగింది.

"సగం ఎర్క అక్కా. మిగతా సగం ఎర్క చేసుకోలే."

"అటెన్క గూడ యేటేట వచ్చి నా వాకిట్ల నిలవడి పాడినవ్. నా పెనిమిటి వంశం ఇక్కడితోని ఆగిందని పాడినవ్," అంది భూమక్క. ఆ మాట అంటున్నప్పుడు ఆమె తల ఎత్తలేదు. చేట పట్టుకుని లేచి లోపలికి వెళ్లి, తలుపు గొళ్లెం పెట్టుకుంది.

కామారెడ్డి కోర్టుకు సాక్ష్యానికి రమ్మన్న కాగితం హన్మవ్వ రొంటిన ఉంది. పొద్దున ఎన్నింటికి బస్సుందో కనుక్కోవాలని, మెల్లగా బస్టాండు వైపు నడిచింది.