రెండొందల యాభై ఆరు రంగులు

నేను ఒక థిన్ క్లయింటును. పేరు ఘనమే గానీ, చూడబోతే అరచేతి కంటే కాస్త పెద్ద నల్లపెట్టెను. నాకు సొంత బుర్ర లేదు. బుద్ధంతా గుంటూరులో ఉన్న సర్వరుది. అది వైరు మీద పంపిన బొమ్మను నాకు తగిలించిన తెర మీద చూపించడమే నా ఉద్యోగం. చీరాల దగ్గర ఒక చేనేత సంఘం ఆఫీసులో నన్ను బల్లకు మరలతో బిగించారు.

బిగించిన రోజున కంప్యూటర్లు చూసే ఇంతియాజ్, సెక్రటరీ వీరాస్వామిని అడిగాడు.

"సార్, తెర మీద రంగులు ఎన్ని పెట్టమంటారు? రెండొందల యాభై ఆరా, కోటిన్నర పైనా?"

"ఏది తొందరగా వస్తే అది పెట్టవయ్యా. మనమేమన్నా సినిమాలు చూస్తామా?"

లైను నత్తనడక. రంగులు తగ్గిస్తే బొమ్మ తొందరగా వస్తుంది. ఇంతియాజ్ రెండు నొక్కులు నొక్కి వెళ్ళిపోయాడు. నూలుకు రంగులద్దే చోట రంగులకు కోత పెట్టిన మహానుభావులు వీళ్ళు! ఎన్ని వన్నెలు వచ్చినా ఆ రెండొందల యాభై ఆరింటిలో దగ్గరిదాన్నే చూపించాలి నేను. కాదనడానికి నాకు నోరేదీ?

అద్దకం పని భ్రమరాంబది. ఇరవై ఏడేళ్ళుగా ఆమె కన్నే సంఘానికి కొలత. పూర్వం కొనేవాళ్ళు గుడ్డముక్క పంపేవారు. ఆమె దాని పక్కన తాను అద్దిన నూలుకట్టను, అదే చిలపను, పెట్టి, ఎండలో చూసి, "ఇంకో ముంపు" అనేది. తర్వాత గుడ్డముక్కలు పోయి ఫోటోలు వచ్చాయి. అలవాటు మాత్రం పోలేదు. చిలప తెచ్చి నా తెరకు ఆనించి చూసేది.

ఒకసారి బెంగుళూరు నుంచి నలభై చీరలకు ఫోటో వచ్చింది. అసలుది ఉల్లిపొర రంగు. నా దగ్గర ఆ వన్నె లేదు, లేత గులాబీ ఉంది. అదే చూపించాను. ఆమె చిలప ఆనించింది, తల పంకించింది, నలభై చీరల నూలూ గులాబీలో ముంచింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోక ఏం చేయగలను?

చీరలు తిరిగొచ్చాయి. వీరాస్వామి ఫోనులో ఫోటో తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"చూడు భ్రమరమ్మా, ఇది గులాబీనా?"

"కాదండీ, ఉల్లిపొరే. మరి నాకప్పుడు గులాబీలాగే కనపడిందండీ!"

"మిషను అబద్ధం ఎందుకు చెబుద్దమ్మా? వయసు మీద పడింది, అంతే."

తెర మీద మళ్ళీ చూద్దామని ఎవరికీ తోచలేదు. అప్పుడు నా మీద హాజరు పట్టీ ఉంది, నలుపూ తెలుపూ. కళ్ళ డాక్టరు ఏ లోపమూ లేదని చీటీ రాసిచ్చినా, అక్షరాలు చదవడం వేరు, రంగులు చూడడం వేరు అన్నారు సంఘంవాళ్ళు. ఆమెను రంగు తొట్ల దగ్గర నుంచి తప్పించి చీరలు మడతపెట్టే పనిలో వేశారు. అద్దకం ఆమె మరిది సుబ్బారాయుడి చేతికి వచ్చింది.

ఆ నెలలోనే కొత్త లైను పడింది. ఇంతియాజ్ వచ్చి మళ్ళీ రెండు నొక్కులు నొక్కి, ఎవరికీ చెప్పకుండానే పోయాడు. అంత చిన్న పని చెప్పుకోవడమేంటి అనుకున్నాడు కాబోలు. గంతలు విప్పినట్టు నాకు అన్ని రంగులూ వచ్చేశాయి. సుబ్బారాయుడు కూడా చిలపను తెరకే ఆనించి చూసేవాడు. ఒక్క చీరా తిరిగి రాలేదు. "కన్నంటే నీది" అని వీరాస్వామి అందరిముందూ మెచ్చుకున్నాడు.

ఒకనాడు భ్రమరాంబ మడతల గదిలో నుంచి వచ్చి నా ముందు నిలబడింది. తెర మీద మెంతిరంగు చీర ఉంది, దాని పక్కన సుబ్బారాయుడు తానద్దిన చిలపను ఆనించి పట్టుకున్నాడు. చాలాసేపు రెంటినీ మార్చి మార్చి చూసింది.

"అచ్చంగా అదే దించావయ్యా" అంది.

"అంతా నువ్వు నేర్పిందే గదా వదినా."

"నేర్పానులే." పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ డాక్టరు మాట పట్టుకుని, వాళ్ళే తప్పు, నేను కాదని లోపల లోపల అనుకుంటా ఉన్నానయ్యా. ఇదే తెర చూసి నువ్వు అచ్చంగా దించావంటే ఇయ్యాళ తేలిపోయింది. నా కళ్ళే పోయినియ్యి."

కోటిన్నర రంగులున్నాయి నా దగ్గర. కాదమ్మా అని చెప్పడానికి ఒక్కటీ పనికిరాలేదు.