అసిరమ్మ గడప ముందు ఇనుప పలక

నేను ఒక ఇనుప పలకను. పది అడుగుల పొడవు, ఒళ్లంతా చిల్లులు, నుదుటి మీద ఉబ్బెత్తు అక్షరాలతో నా దేశం పేరు. నన్ను చూసి జాలిపడకండి, నాకు జాలి గిట్టదు. నాకున్నది కోపం.

పుట్టింది అమెరికాలో ఒక ఉక్కు కార్ఖానాలో. మా ముందుతరం ఉక్కు తుపాకులై ఫిలిప్పీన్సుకు వెళ్లింది, అక్కడివాళ్లకు స్వేచ్ఛ ఇవ్వడానికట. ఇచ్చారో లేదో గానీ దీవులు మాత్రం ఉంచుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నా వంతు వచ్చింది. మమ్మల్ని కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి పరిస్తే చాలు, ఎవరి పొలమైనా విమానాల బాట అయిపోతుంది. ఓడలో తెచ్చి శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో దింపారు. నన్ను పరిచింది అసిరమ్మ అనే ఆవిడ రాగులు పండించుకునే చోడిచేనులో, సరిగ్గా ఆమె మొగుణ్ణి పాతిపెట్టిన చోట.

చేను తీసుకునేటప్పుడు అమెరికా సైన్యపు కెప్టెన్ డాల్టన్ ఒక కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. నకలు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. యుద్ధం అయిపోగానే చేను తిరిగి ఇచ్చేస్తారని మేస్త్రి చంద్రినాయుడు ఆమెకు తెలుగులో చెప్పాడు. అసిరమ్మ ఆ కాగితానికి పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టుకుంది.

తన చేనులోనే కూలికి కుదిరింది, మా చిల్లుల్లో మొలిచే గడ్డి పీకడానికి. పొరపాటున నా అక్షరాల మీద కాలు పడితే వంగి నన్ను తాకి కళ్లకద్దుకునేది. అక్షరం సరస్వతి కదా! డాల్టన్ పగలబడి నవ్వేవాడు. తన దేశం పేరుకు దండం పెడుతోందనుకున్నాడు, తలతిక్క మనిషి. నవ్వరా నవ్వు, నీ పని చెబుతాను అనుకునేదాన్ని.

జపాను లొంగిపోయిందని తెలిసిన రోజే అసిరమ్మ కాగితం పట్టుకుని వెళ్లింది.

"యుద్దం అయిపోనాది కదా బాబూ, నా సేను నాకిచ్చీండి."

కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. చంద్రినాయుడు కాగితం తీసుకుని మొదటిసారి చివరిదాకా చదివాడు. అతని మొహం మాడిపోయింది.

"అప్పుడు ఆళ్లు సెప్పమన్నదే నీకు సెప్పినానప్పా. ఇందులో అలాగ లేదు. ఇష్టపడి శాశ్వతంగా ఇచ్చీసినానని రాసుంది."

"మరి పసుపు రాసినాను కదేటి దీనికి!" అంది అసిరమ్మ. కాగితం లాక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు విజయోత్సవం. డాల్టన్ జీపుకు జెండా కట్టి బాట పొడవునా ఊరేగుతానన్నాడు. సిపాయిలంతా బ్యాండు దగ్గర మూగి ఉండగా అసిరమ్మా, సింహాలు అనే ఆమె కూతురూ గునపంతో నా కొక్కేలు విప్పారు. నేను మొరాయించలేదు. ఎన్నాళ్లుగా ఎదురు చూశానో! నన్ను పక్కకు ఈడ్చేసరికి, వానలకు నాని కుంగిపోయిన సమాధి గొయ్యి బయటపడింది.

జీపు ముందు చక్రం వచ్చి అందులోనే దిగింది. జెండా బురదలో, కెప్టెన్ జెండా మీద, ముందుపళ్లు రెండూ ఎక్కడో. అబ్బ, నా కడుపు చల్లబడింది!

"మీ అయ్య ఆడి కాలట్టుకుని లాగినాడు," అంది అసిరమ్మ కూతురితో.

ఆ గందరగోళంలోనే తల్లీకూతుళ్లు నన్ను మోసుకుపోయారు. కూలీలు పలక మోస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

చేను మాత్రం రాలేదు. అమెరికావాళ్లు పోతూ పోతూ సర్కారుకు అప్పగించారు, సర్కారు చుట్టూ కంచె వేసింది. అసిరమ్మ నన్ను గడప ముందు పరిచింది, అక్షరాలు పైకి వచ్చేలా. ఒకరోజు సింహాలు నా మీద కాలు పెట్టి, అలవాటు చొప్పున కళ్లకద్దుకోబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది సరస్వతి కాదే. పేడ కాలు, గట్టిగా తుడు."

సింహాలు గట్టిగానే తుడిచింది. ఆ పేరులో మొదటి అక్షరం అప్పుడే సగం అరిగింది. మిగతావాటికి తొందరేం లేదు, ఈ ఊళ్లో కాళ్లకు కొదవ లేదు.