బయట అనే దిక్కు

నక్షత్రశాల వ్యాఖ్యాత పదకొండేళ్లుగా, రోజుకు మూడుసార్లు, చీకటి గుమ్మటం కింద పిల్లలకు కృష్ణబిలం పాఠం చెబుతున్నాడు.

"లోపల గట్టి తలుపేదో ఉందనుకోకండి. తలుపంటూ ఉంటే ఎప్పటికైనా పగలగొట్టొచ్చు. అక్కడ బయట అనే దిక్కే ఉండదు. ఎటు తిరిగినా దారి నడిమధ్యకే. మనం రేపటిని తప్పించుకోగలమా? అలాగే. వెలుగుకీ అదే గతి."

"బిలం అంచు గీత దాటేటప్పుడు లోపల పడేవాడికి తెలుస్తుందా సార్?" అంది ముందు వరుసలోని అమ్మాయి.

"తెలీదమ్మా. పెద్ద బిలమైతే అసలే తెలీదు. ఒంటి మీద కుదుపైనా ఉండదు."

చెబుతూనే గడియారం చూసుకున్నాడు. కొండమీది వేధశాలలో అతనికి ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఐదులోగా ఇక్కడ రాజీనామా ఆమోదం పొందకపోతే అది వేరొకరికి పోతుంది. భార్య అప్పుడే పెట్టెలకు తాళ్లు బిగించేసింది. ఇది మూడో రాజీనామా. మొదటిదానికి అలిగాడనుకుని హోదా పెంచారు. రెండోదానికి విడిగా గది ఇచ్చారు, కిటికీ లేనిది.

నాలుగున్నరకు డైరెక్టరు గదిలోకి వెళ్లాడు.

"మీరు వెళ్లిపోతే ఈ సంస్థ ఏమైపోవాలి మాస్టారూ?"

"ఏమీ కాదు సార్. నా గొంతు రికార్డు చేసి పెట్టుకోండి."

డైరెక్టరు హాయిగా నవ్వాడు. "అసలు రాజీనామాలు పరిశీలించడానికి మనకో సంఘమే లేదు, చూశారా! ఇవాళే వేశాను. అధ్యక్షులు మీరే."

"అయితే నాది నేనే ఆమోదించుకుంటాను."

"అబ్బే, సొంత కాగితం మీద సొంత సంతకం చెల్లదు."

"అధ్యక్ష పదవి వదిలేస్తే?"

"ఆ కాగితమూ సంఘం ముందుకే రావాలి కదండీ."

గదిలో ఉన్న బంట్రోతు నవ్వు బిగబట్టుకుని గోడవైపు తిరిగాడు. వ్యాఖ్యాతకు ఒళ్లు మండింది. గట్టిగా అరిచి బయటికి నడుద్దామనుకున్నాడు. కానీ 'అధ్యక్షులు' అన్న మాట చెవిన పడ్డప్పుడే తన వెన్ను దానంతటదే నిటారుగా అయిందని, చెయ్యి కాలరు సర్దుకుందని ఇప్పుడు గమనించాడు. ఎవరూ చూడలేదు కదా అని దిక్కులు చూశాడు. చూసింది తనొక్కడే. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

ఎదుట సంఘాధ్యక్షుడిగా తన నియామక పత్రం, పక్కన మూత తీసిన కలం. ఐదుకు పది నిమిషాలుంది.

ఐదింటికి భార్య ఫోను చేసింది.

"ఏమండీ, సంతకం అయిందా?"

"అయింది."

"ఎవరు పెట్టారు?"

"నేనే."



"ఈసారి ఏం బిరుదిచ్చారు?" అంది. జవాబు కోసం ఆగలేదు. "సరే, తాళ్లు విప్పేస్తున్నాను."