పెట్టెలో గురువుగారి గొంతు

మా బృందంలో బొమ్మలు ఆడని రోజు లేదు. అమ్మవారి పుట్టినరోజునాడు మాత్రం పొద్దున్నే బొమ్మ పడలేదు.

సముద్రంలో పడవల్ని కాచే మాజు అమ్మవారి గుడి ముందు లారీ నిలిపి, పక్క తలుపులు దించి, రంగుల వేదిక తెరిచాం. చేతికి తొడిగే బొమ్మలన్నీ వరసగా కొక్కేలకు వేలాడుతున్నాయి. నేను నా కంచు గంట తుడుచుకుంటున్నాను. గురువుగారి కూతురు పెయ్-శాన్ వేదిక వెనక చెక్కపెట్టెలో ఉన్న కంప్యూటర్ మీట నొక్కింది. నల్ల తెర మీద తెల్లక్షరాలు రెండు వరసలు వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఆపి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే రెండు వరసలు.

"ఏమంటోందమ్మా?" అన్నాను.

"బూట్ అవడం లేదు మామయ్యా."

"బూట్ అవకపోతే చెప్పు!"

"చెబుతున్నాగా!"

"చెప్పమనడం కాదు తల్లీ, కాలిది తియ్యమంటున్నా. ఒక్కటిస్తే అదే లేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. నా మాటలకు మావాళ్ళు నవ్వకపోవడం కొత్తేమీ కాదు. తిట్టకపోవడం కొత్త. అప్పుడేసింది నాకు భయం.

లియావ్ గురువుగారు తెర వెనక కూర్చుంటే రాజూ ఆయనే, రాక్షసుడూ ఆయనే, పళ్ళూడిన ముసలమ్మా ఆయనే, ఉయ్యాల్లో ఏడ్చే పసిగుడ్డూ ఆయనే. అన్ని గొంతులున్న మనిషి గొంతులో చలికాలంలో గడ్డ లేచింది. గొంతుపెట్టె తీసేస్తే తప్ప ప్రాణం దక్కదన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో చేరేముందు గురువుగారు మైకు ముందు కూర్చుని, అమ్మవారికి మొక్కుకున్న కొత్త నాటకమంతా తన గొంతుతో చదివి ఆ కంప్యూటర్లో దాచారు. తర్వాత ఆపరేషన్ అయింది. గొంతుపెట్టె పోయింది. గొంతు మాత్రం ఈ పెట్టెలో మిగిలింది. ఆ గొంతుతోనే ఆ సాయంత్రం మొక్కు తీరాలి.

ఇప్పుడాయన మాటలన్నీ కుడిచేతి విదూషకుడివి. ఎర్ర ముక్కు, రెండు పిలక జడలు, చిట్టి చేతులు ఉన్న బొమ్మ అది. మామూలు మనిషి మాటల్లో చెప్పేది ఆ బొమ్మ చేతులూపి, తలాడించి చెప్పేస్తుంది. ఇప్పుడా విదూషకుడు వచ్చి పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ గుండె మీద పెట్టుకున్నాడు.

"నాన్నా, ఇది 'సిస్టమ్ మళ్ళీ మొదటినుంచి వెయ్యనా' అని అడుగుతోంది. నొక్కెయ్యనా?" అంది పెయ్-శాన్.

విదూషకుడు గభాలున ఆమె వేలు పట్టుకున్నాడు. వదల్లేదు.

కంప్యూటర్‌ను పెట్టెతో సహా స్కూటరు మీద కట్టి, తోసుకుంటూ, బజారు సందులో సోయా రసం కొట్టు పక్కనున్న కుయ్-యింగ్ అక్క దుకాణానికి తీసుకెళ్ళాం. వెనక నడిచొస్తున్న గురువుగారి చేతి మీద విదూషకుడు దారంతా పెట్టెకేసే చూస్తున్నాడు.

కుయ్-యింగ్ అక్క టీలో ఉడికిన గుడ్డు ఒలుచుకుంటోంది. మా ఊళ్ళో ఏ యంత్రం మూలిగినా ఆవిడ దగ్గరికే వస్తుంది. వచ్చిన యంత్రానికి వైద్యం, తెచ్చిన మనిషికి తిట్లు. రెండింటిలోనూ లోటు చెయ్యదు.

"ఎవరైనా దీన్ని కెలికారా? నిజం చెప్పండి. డాక్టరు దగ్గరా, నా దగ్గరా అబద్ధమాడితే పోయేది రోగే."

"మళ్ళీ సిస్టమ్ వేసేద్దామనుకున్నానక్కా. నాన్న ఆపేశారు," అంది పెయ్-శాన్.

"ఎవరు, ఈ ఎర్రముక్కాయనా?" అక్క గుడ్డు పక్కన పెట్టి విదూషకుడి బుగ్గ గిల్లింది. "మీ అందరిలో బుర్ర ఉన్నది ఇతనొక్కడికే, అదీ చెక్కబుర్ర. లోపల సామాను తియ్యకుండా ఇల్లు కూల్చి కొత్తది కడతామా ఎక్కడైనా? ముందు సామాను బయటికి. తర్వాతే ఇల్లు."

"గంటలో అయిపోతుందా అక్కా?"

"గంట నీ చేతిలోనే ఉందిగా, నువ్వే కొట్టి చెప్పు. నోరు మూసుకుని పెట్టె తెరువు."

తెరిచాను. తెరిచాక నాతో సహా అందరికీ నోరు మూతపడింది.

మా దేశంలో యంత్రమంటే దాని మీద ఒక ఆకుపచ్చ పాకెట్టు ఉండాల్సిందే. కొబ్బరి రుచితో ఉండే మొక్కజొన్న చిరుతిండిది. ఆ తినుబండారం పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం; అది మీదుంటే యంత్రం మొరాయించదని నమ్మకం. బ్యాంకులోనూ అదే, రైలు స్టేషన్లోనూ అదే. పచ్చదే పెట్టాలి, చింపకూడదు, గడువు దాటకముందే మార్చాలి. మా కంప్యూటర్ మీద కూడా ఒకటి ఉందని అందరికీ తెలుసు. పెట్టెలో మాత్రం పైన ఒకటి, పక్కన ఒకటి, వెనక కుక్కినవి, కింద దోపినవి... పాకెట్ల మధ్య కంప్యూటరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇది దుకాణమా, కంప్యూటరా?" అంది అక్క. "ఎవరు పెట్టారు ఇవన్నీ?"

పెయ్-శాన్ తల దించుకుంది. "నాన్నకి ఆపరేషన్ అయిన రోజు... ఆ పక్కది నేను పెట్టాను. దీంట్లో నాన్న గొంతుంది కదా, ఏమీ కాకూడదని."

"వెనకది?"

"అది నాది," అన్నాను. "ఆపరేషన్ గురువుగారికి అయితే, ఆపరేటింగ్ దీనికి కదా. జాగ్రత్తకని..."

ఇంకోటి డోలు వాయించేవాడిది, దాని మీద అతని పేరే రాసుంది. మరోటి లారీ డ్రైవరుది, దానికి అమ్మవారి గుడి తాయెత్తు కూడా కట్టుంది. ఎవరికి వాళ్ళు, ఇంకెవరూ చూడకుండా వచ్చి పెట్టారు. అందరి గుండెల్లోనూ ఒకటే గుబులు.

అక్క ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. గోడలా అయింది. యంత్రం వెనక ఫ్యాను గాలి వదిలే జల్లెడ కనిపించింది. నా పాకెట్టు దానికి అంటుకుని, వేడికి ముడతలు పడింది.

"బుద్ధిగా ఉండు, బుద్ధిగా ఉండు అంటూ దాని ముక్కూ నోరూ మూసేశారు. పాపం, అంత బుద్ధిగానూ ఊపిరి ఆపుకుని, లోపల ఉడికిపోయింది." తిట్టబోయినట్టుంది గానీ, తిట్లు రాలేదు. గురువుగారి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మీ వాళ్ళు మీ మీద ప్రాణం పెట్టుకున్నారండీ. పెట్టాల్సిన చోట పెట్టలేదు, అంతే."

గురువుగారు ఆ పచ్చ గోడ దగ్గరికి వెళ్ళారు. విదూషకుడు ఒక్కో పాకెట్టునూ చిట్టిచేత్తో ముట్టుకుంటూ పోయి, అన్నిటికన్నా అడుగున వెలిసిపోయిన దాని దగ్గర ఆగి, తన గుండె మీద కొట్టుకున్నాడు. అది ఆయన పెట్టింది.

అక్క దాని వెనక తేదీ చూసింది. "గడువు దాటింది. పాకెట్టు మార్చిన రోజే ఫ్యాను దుమ్ము దులపండి, ఫైళ్ళు బయట డిస్కులోకి కాపీ తియ్యండి అని ఊరందరికీ చెప్పాను. క్యాలెండర్ చూడరు గానీ పాకెట్టు తేదీ చూడకుండా ఎవడూ ఉండడని! మీరు దీన్ని పెట్టినప్పుడు తీసిన కాపీలో పాత నాటకాలు ఉంటాయి. కొత్తది?"

విదూషకుడు తల అడ్డంగా ఊపాడు. కొత్త నాటకం ఆ తర్వాత చదివింది. అదొక్కటే ప్రతి. అది ఈ ఉడికిన డిస్కులోనే ఉంది.

అక్క డిస్కు ఊడదీసింది. చల్లబడేదాకా ముట్టుకోనివ్వలేదు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని, పుచ్చకాయను చూసినట్టు వేలితో చిన్నగా తట్టింది. తన యంత్రానికి తగిలించింది.

"ఇక దీన్ని చదవడమే. దీని మీద ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు," అంది. "రోగి నీరసంగా ఉన్నాడు. పలికినవి ముందు పలికించుకోవాలి. పలకని చోట పట్టుబట్టి కూర్చుంటే, పలికేవి కూడా పోతాయి."

"అంటే మొండికేసిన ప్రశ్న వదిలేసి, తెలిసిన జవాబులు రాసుకోవడమన్నమాట."

"ఈ ముక్క పరీక్షల్లో గుర్తుంటే నువ్వు గంట కొట్టుకునేవాడివి కాదు."

తెర మీద ఒక గీత కదలడం మొదలైంది. బాగా చదివిన చోట ఆకుపచ్చ, పలకని చోట ఎరుపు. ఎరుపు వచ్చినప్పుడల్లా డిస్కు లోపల గోరు గీసినట్టు చప్పుడు. అక్క వెంటనే దాన్ని దాటించి ముందుకు పంపేది. చప్పుడు ఎక్కువైతే అంతా ఆపి, చిన్న ఫ్యాను పెట్టి, గుడ్డు తినేది. మళ్ళీ మొదలు. ఎంత ఓపికో! ఫోనులో పాలవాడికి పూట పూటకీ చీవాట్లు పెట్టే మనిషి, ఆ డిస్కుతో మాత్రం "రా తల్లీ, ఇంకొంచెం, ఇటు" అని పురిటి నొప్పులు పడేదానితో మాట్లాడినట్టు మాట్లాడింది. మా మంత్రసాని చేతులు మీటల మీద వేగంగా ఆడుతుంటే గురువుగారు ఆ వేళ్ళనే చూస్తున్నారు. చేతుల పని తెలిసినవాళ్ళు చేతుల్నే చూస్తారు.

"ఒకటి వినిపిస్తా చూడండి," అని ఏదో నొక్కింది.

దుకాణమంతా రాక్షసుడి నవ్వు! సముద్రాన్ని మింగేసే నవ్వు. పక్క కొట్టు సోయా రసం ముసలాయన గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. "లియావ్! నీ గొంతు వచ్చేసిందా?"

గురువుగారి పెదవులు కదిలాయి. చేతి మీద విదూషకుడు మాత్రం కదల్లేదు. ఆపరేషన్ తర్వాత ఆయన తన గొంతు వినడం అదే మొదటిసారి.

పెయ్-శాన్ పక్కకు తిరిగి ముక్కు తుడుచుకుంది. నాకు ఒక మంచి శ్లేష తోచింది గానీ మింగేశాను. అందరూ గమనించారు.

తర్వాత అక్క మా యంత్రంలో కొత్త డిస్కు బిగించి, పెన్ డ్రైవ్ గుచ్చి, కొత్త సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టింది. అది మధ్యలో ఆరిపోయి మళ్ళీ లేస్తోంది, మళ్ళీ ఆరిపోతోంది.

"ఇది వ్యవస్థా, అవస్థా?" అన్నాను.

"అవస్థ దాటితేనే వ్యవస్థ. కూర్చో."

తెర మీద రంగులొచ్చాయి. బొమ్మ పడింది! పెయ్-శాన్ చప్పట్లు కొట్టింది. రాక్షసుడి ఫైలు నొక్కితే మాత్రం చప్పుడు లేదు.

"డ్రైవర్లు లేవు," అంది అక్క.

"మా డ్రైవరు లారీలో పడుకున్నాడక్కా, లేపుకు రానా?"

"శబ్దాన్ని నడిపే డ్రైవరయ్యా! నిన్నెవరు నడుపుతున్నారో గానీ, వాణ్ని మార్చాలి." అదీ వేసింది. రాక్షసుడు మళ్ళీ నవ్వాడు.

చివరగా నాటకం ఫైళ్ళు మా యంత్రంలోకీ, ఇంకో బయటి డిస్కులోకీ కాపీ చేసి, మమ్మల్ని కూర్చోబెట్టింది. మొహం సీరియస్‌గా పెట్టింది.

"అంతా వచ్చింది, ఒక్క చోట తప్ప. ఆఖరి అంకంలో అమ్మవారు తుపానులో పడవల్ని పిలుస్తుంది కదా. 'ఇటు రండి నాయనలారా' దాకా ఉంది. తర్వాత కొన్ని మాటలు రాలేదు. 'వచ్చారా' దగ్గర మళ్ళీ అందుకుంది. ఎన్ని దారుల్లో వెళ్ళినా అక్కడ డిస్కు పలకడం లేదు. కత్తిరించి అతికిస్తే వినడానికి బాగుండేది. కానీ తర్వాత వచ్చే డోలూ, గంటా, దీపాలూ అన్నీ ముందుకు జారిపోతాయి. అందుకని పోయిన మాటలకి ఎంత చోటుందో, అంత మౌనం అలాగే ఉంచాను. తప్పైతే చెప్పండి."

విదూషకుడు అలాగే ఉండనీ అన్నట్టు మెల్లగా తలాడించాడు.

సాయంత్రం గుడి ముందు పల్లకీలు దిగాయి, టపాకాయలు పేలాయి. మేము నాటకం ఎత్తుకున్నాం. రాక్షసుడు నవ్వాడు, పిల్లలు జడుసుకున్నారు, ముసలమ్మ తిట్టింది, జనం పడీ పడీ నవ్వారు. ఆ గొంతు పెట్టెలోంచి వస్తోందని చాలామందికి తెలియనే తెలియదు. జనంలో వెనగ్గా కుయ్-యింగ్ అక్క సేమ్యా గిన్నె పట్టుకుని నిలబడింది. తినడం లేదు.

ఆఖరి అంకం వచ్చింది. గురువుగారి కుడిచేతికి అమ్మవారి బొమ్మ, ఎడమచేతికి దీపం. "ఇటు రండి నాయనలారా..."

ఆగిపోయింది.

ఖాళీ ఎక్కడుందో తెలిసీ నా చెయ్యి గంట మీదికి లేచింది. మౌనమంటే నాకు అంత భయం. గురువుగారు నా వైపు చూడకుండానే దీపం పట్టిన చెయ్యి కొంచెం ఎత్తారు. ఆగమని. ఆగాను.

అమ్మవారు దీపమెత్తి కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. నడుం వంచి దూరంగా, చీకటి పడుతున్న జనం మీదుగా చూసింది. ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ ఆగింది. ఎదురుచూస్తోంది. ముందు వరసలో కూర్చున్న పిల్ల తనూ వెనక్కి తిరిగి చూసింది, పడవలు వస్తున్నాయేమోనని. ఆ పిల్లను చూసి ఇంకొందరు తిరిగారు.

"వచ్చారా?" అంది గురువుగారి గొంతు.

నేను గంట కొట్టాను. అంత సరిగ్గా ఎప్పుడూ కొట్టలేదు. అక్క ఉంచిన మౌనం వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ఆట అయ్యాక అక్క వేదిక వెనక్కి వచ్చింది. "పాత డిస్కు నా దగ్గరే ఉందండీ. ఇంకోసారి ప్రయత్నిస్తాను. ఆ మాటలు రావచ్చు."

గురువుగారు విదూషకుణ్ని తొడుక్కున్నారు. విదూషకుడు తల అడ్డంగా ఊపాడు. తర్వాత అక్క ముందు నేలకు తలానేలా వంగి దండం పెట్టాడు.

"లేవయ్యా, లే, చొక్కా మాసిపోతుంది," అని అక్క కళ్ళు ఎటో తిప్పుకుంది. అంతలోనే గొంతు పెంచింది. "ఏయ్, ఆ పాకెట్లన్నీ మళ్ళీ పెట్టెలోకి ఎవరు తెస్తున్నారు? ఒక్కటే! ముందు వైపు, ఫ్యానుకి దూరంగా! మిగతావి తినెయ్యండి!"

డ్రైవరు, డోలువాడు, పెయ్-శాన్, నేను లారీ అంచు మీద కూర్చుని మా మా పాకెట్లు చింపాం. విదూషకుడు పెట్టెలో పెట్టాల్సిన కొత్త పాకెట్టును రెండు చేతులా పట్టుకుని అక్కకు అందించాడు.

"గడువు చూశావా?" అంది అక్క.

విదూషకుడు దాన్ని వెనక్కి తిప్పి, ఎర్ర ముక్కు ఆనించి చదివి, తలాడించాడు.