మంచి అయోడిన్

మా అమ్మాయికి ఇంట్లో పేరు వాగుడుకాయ. పరీక్షలు దగ్గరపడితే ఆ వాగుడు ఇంకా పెరుగుతుంది. చదివింది బుర్రకెక్కాలంటే ఎవరో ఒకరిని కూర్చోబెట్టి పాఠం చెప్పాలి దానికి. ఈసారి రసాయనశాస్త్రం పరీక్షకి దొరికిన బలిపశువులం నేనూ, మా అత్తయ్యా.

లేచి పారిపోదామన్నా నా ఒంట్లో ఓపిక లేదు. మెడలో థైరాయిడ్ గ్రంథికి కేన్సర్ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. ఎక్కడైనా కాసిని కణాలు మిగిలి ఉంటే వాటిని చంపడానికి రేడియో అయోడిన్ మందు మింగాలన్నారు. థైరాయిడ్ కణాలు అయోడిన్ దొరికితే చాలు, పీల్చేసుకుంటాయట. ఆ మందు బాగా పట్టాలంటే ముందు కొన్ని వారాలు హార్మోన్ మాత్ర ఆపెయ్యాలి, అయోడిన్ ఉన్న తిండి పూర్తిగా మానెయ్యాలి. మాత్ర ఆపిన దగ్గర్నుంచి ఒళ్ళంతా ఒకటే చలి. మొహం ఉబ్బిపోయింది. సూదిలో దారం ఎక్కించడానికి తడుముకుంటున్నాను. ఇన్నేళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని, ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

వంట అత్తయ్య చేస్తోంది. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. ఇంట్లో కూడా ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడే చెబుతుంది. ఆస్పత్రివాళ్ళు నాకోసం అయోడిన్ కలపని ఉప్పు ఇచ్చారు. దాన్ని వేరే డబ్బాలో పోసి, పొరపాటు పడకుండా మూతకి ఎర్ర రిబ్బను ముక్క కట్టాను. నా కూర విడిగా, ఆ డబ్బాలో ఉప్పుతో వండాలి. మా ఆయన లారీ మీద దూరం వెళ్ళాడు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే.

ఆ పథ్యం మొదలైన కొత్తల్లో ఒకరోజు వాగుడుకాయ నా కత్తిరింపు బల్ల మీద సుద్దతో చిన్న వృత్తం గీసి, గుండీల డబ్బా బోర్లించింది. రంగులవారీగా సర్దుకున్న గుండీలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీ సర్దకపోయావో, ఉంది నీ పని."

"సర్దుతాలే అమ్మా. ముందు ఇటు చూడు. ఇది పరమాణువు. మధ్యలో ఉన్నది కేంద్రకం. ఎర్ర గుండీలు ప్రోటాన్లు, తెల్లవి న్యూట్రాన్లు. బరువంతా ఇంచుమించు ఇక్కడే ఉంటుంది. చుట్టూ ఉండే ఈ చిన్న పూసలు ఎలక్ట్రాన్లు."

అత్తయ్య బీన్స్ తుంచుతూ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎర్రవి లెక్కపెట్టు నానమ్మా. పదకొండు. అదే పరమాణు సంఖ్య. పదకొండు ఉంటే సోడియం, పదిహేడు ఉంటే క్లోరిన్. ఒక్క ఎర్ర గుండీ తేడా వచ్చినా మూలకమే మారిపోతుంది. ఎర్రవి ఎన్నో పూసలూ అన్నే. కానీ పూసలు ఎక్కడపడితే అక్కడ కూర్చోవు. మొదటి కక్ష్యలో రెండే పడతాయి. రెండోదాంట్లో ఎనిమిది."

"ముందు వరస నిండాకే వెనక వరసా? మా బస్సులో ఒక్కడైనా విన్నాడా ఆ మాట!" అంది అత్తయ్య.

"సోడియంకి చివరి వరసలో ఒకే ఒక్క పూస. క్లోరిన్‌కి చివర ఏడున్నాయి, ఇంకొక్క సీటు ఖాళీ. సోడియం తన దాన్ని ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. రెండూ అతుక్కుంటే మనం తినే ఉప్పు."

"మరి అయోడిన్ సంగతేమిటే?"

"అదీ క్లోరిన్ చుట్టమే. చివర ఏడే. కానీ లోపల ఎర్రవి యాభై మూడు. అమ్మ దగ్గర అన్ని ఎర్ర గుండీలు లేవు, ఉన్నాయనుకో. మామూలు అయోడిన్‌లో తెల్లవి డెబ్భై నాలుగు. మొత్తం కలిపితే నూట ఇరవై ఏడు, అది ద్రవ్యరాశి సంఖ్య. అమ్మ మింగబోయేది నూట ముప్ఫై ఒకటి. ఎర్రవి అవే యాభై మూడు. తెల్లవి మాత్రం నాలుగు ఎక్కువ. ఇలాంటివాటినే ఐసోటోపులంటారు. ఆ నూట ముప్ఫై ఒకటి నిలకడగా ఉండలేదు. అందుకే దాన్లోంచి రేడియేషన్ వస్తుంది."

"అంటే ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మరి మిగిలిన ఆ గ్రంథి కణాలకి తేడా తెలీదా?"

"తెలీదు నానమ్మా. ఎవరితో కలవాలన్నా బయటి పూసలతోనే పని. అవి రెండింటికీ ఒక్కలాగే ఉన్నాయిగా. లోపల తెల్ల గుండీలు ఎన్నున్నాయో ఎవరు చూడొచ్చారు?"

"ముందు ఎవరెక్కితే వాళ్ళదే సీటన్నమాట."

"అబ్బ, మా సారు కూడా ఇంత బాగా చెప్పలేదు!" అని వాగుడుకాయ వాళ్ళ నానమ్మని వాటేసుకుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నా మెడలోకి వెళ్ళే ఆ నాలుగు తెల్ల గుండీలే కళ్ళముందు ఆడుతున్నాయి. నాకు భయంగా ఉందని ఎవరితోనూ అనలేదు. గుండీలు నేనే సర్దుకున్నాను.

మందు మింగే ముందురోజు మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. వాగుడుకాయ ట్యూషన్‌కి వెళ్ళింది. ఏ బట్టలు తెచ్చుకోవాలి, ఎన్ని రోజులు ఒంటరి గదిలో ఉండాలి, ఇంటికొచ్చాక ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఎన్నాళ్ళుండాలి, అన్నీ చెప్పింది. చివర్లో, "మేమిచ్చిన ఉప్పు సరిపోయిందా? ఈపాటికి అయిపోవచ్చి ఉంటుందే," అంది.

"చూసి చెప్తానండీ," అని వంటింట్లోకి వెళ్ళాను.

రిబ్బను కట్టిన డబ్బా మూత తీశాను. కంటికొలతతో జాకెట్టు కత్తిరించేదాన్ని, డబ్బాలో ఎంత ఉందో చూసి పోల్చుకోలేనా? పైన నాలుగు చెంచాలు తగ్గి ఉంటుందంతే. ఉప్పు గడ్డకట్టి ఉంది. చెంచా పక్క డబ్బాలో ఉంది, అందరూ తినే అయోడిన్ ఉప్పులో.

"సరిపోయిందండీ," అని ఫోన్ పెట్టేశాను.

అత్తయ్య పెరటి తలుపు దగ్గర బట్టలు మడతపెడుతోంది. డబ్బా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"నా కూరలో ఏ ఉప్పు వేస్తున్నారు అత్తయ్యా?"

ఆవిడ తడబడుతుందనుకున్నాను. తడబడలేదు.

"మామూలుదే. కొంచెం ఎక్కువే వేస్తున్నా. ఆ పిల్ల చెప్పింది నువ్వూ విన్నావుగా? ఆ కణాలకి తేడా తెలీదు. ముందు ఎక్కినవాళ్ళదే సీటు. మంచివాళ్ళతో బస్సు నింపేశాననుకో, రేపు ఆ చెడ్డది ఎక్కడెక్కుతుంది? ఎక్కలేక దిగిపోతుంది."

ఇక నా నోరు ఆగలేదు.

"దిగిపోతే ఎలా అత్తయ్యా! అది ఎక్కాలి! ఎక్కి ఆ కణాలని చంపాలి! అందుకేగా ఇన్నాళ్ళు ఈ పథ్యం తిండి తింటున్నది, ఈ చలికి చస్తున్నది! నన్నొక్క మాట అడగొచ్చుగా? కొంప ముంచేశారు కదా!"

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"మందు మింగాక నిన్ను ముట్టుకోకూడదన్నారు. నీ కంచం కూడా విడిగా కడగాలన్నారు. మేం ముట్టుకోకూడనిది నీ లోపల పెడతామంటే ఎలా నమ్మను? నిన్ను కాపాడుతున్నాననుకున్నా అమ్మాయ్."

ఇంకో మనిషైతే ఏడ్చేదేమో. ఈవిడ ఏడవదు, అదొక బాధ నాకు. నేనే కూలబడ్డాను. డాక్టరుకి చెబితే రేపు మందు ఇవ్వరు. ఆ మందు నా పేరు మీద ప్రత్యేకంగా ఎక్కడినుంచో వస్తుంది. దాచిపెట్టుకునేది కాదు, ఎవరు మింగినా మింగకపోయినా ఎనిమిది రోజుల్లో సగం కరిగిపోతుందట. మళ్ళీ ఎప్పుడిస్తారో ఏమో. మళ్ళీ వారాల తరబడి మాత్ర లేకుండా, ఈ చలి, ఈ నీరసం, ఇంకోసారి నావల్ల కాదు. పైగా తను చెప్పిన పాఠం వల్లే ఇదంతా జరిగిందని తెలిస్తే వాగుడుకాయ పరీక్ష ఏం రాస్తుంది?

"ఎవరికీ చెప్పొద్దు. రేపు నోరు మూసుకుని మింగేస్తాను. కొంతైనా పట్టకపోదు," అన్నాను.

అత్తయ్య తలూపింది. ఆ సాయంత్రం నా కూర రిబ్బను డబ్బా ఉప్పుతో వండింది. ఇప్పుడు వండి ఏం లాభం?

ట్యూషన్ నుంచి వస్తూనే వాగుడుకాయ పుస్తకాల సంచి పక్కన పడేసి మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళ సారుని నీ మందు గురించే అడిగా. నూట ముప్ఫై ఒకటి ఏం చేస్తుందో తెలుసా? కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోతుంది. మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి విసిరేస్తుంది. అది మిల్లీమీటరో రెండో పోయి, పక్కనున్న కణానికి తగిలి దాన్ని చంపేస్తుంది. అంతకంటే దూరం పోలేదట, అందుకే మిగతా ఒంటికి అంత భయం లేదు. గామా కిరణాలని ఇంకొన్ని బయటిదాకా వస్తాయట, నిన్ను ఒంటరి గదిలో పెట్టేది వాటి మూలానే. ఇప్పుడు ఎర్రవి యాభై నాలుగయ్యాయిగా, ఇంక అది అయోడిన్ కాదు, జీనాన్. దానికి చివరి వరస పూర్తిగా నిండిపోయి ఉంటుంది. ఎవరి జోలికీ పోదు."

అంత భయపెట్టిన పదార్థం పని కాగానే అలా మర్యాదగా తప్పుకుంటుందని నాకు తెలీదు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఒకవేళ ఆ కణాల్లో మామూలు అయోడిన్ ముందే నిండి ఉంటే?"

"అప్పుడు దీనికి చోటుండదుగా. చాలావరకు మూత్రంలో పోతుంది. కేన్సర్ కణాలు ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకేగా నీకా ఉప్పు ఇచ్చింది! ఎందుకడిగావు?"

"ఊరికే."

గది అవతలి నుంచి అత్తయ్య నావైపు చూసింది. నేను తల తిప్పేసుకున్నాను. ఎక్కడివక్కడే ఉంటాయన్న మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

పొద్దున వాగుడుకాయ పరీక్షకి వెళ్తూ, "భయపడకమ్మా, అది నీ పక్షమే," అని బుగ్గ మీద ముద్దు పెట్టింది. కొన్నాళ్ళదాకా మళ్ళీ కుదరదుగా. దాని ముందు నవ్వాను. అది మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆస్పత్రిలో ఆ విభాగం కింది అంతస్తులో ఉంది. బరువైన తలుపు, దాని మీద మూడు రెక్కల పసుపుపచ్చ గుర్తు. లోపల బల్ల మీద సీసపు కుండ, మందు మాత్ర అందులోనే ఉందట. డాక్టరు మా కూతురికంటే పదేళ్ళు పెద్దదేమో, కళ్ళకింద నల్లటి చారలు. కాగితాలన్నీ చూసి తలెత్తింది.

"తిండి విషయంలో చెప్పినట్టే ఉన్నారా? పాలు, గుడ్లు, బేకరీ సరుకు ఏమీ తినలేదుగా?"

"లేదండీ."

"ఉప్పు?"

"మీరిచ్చిందే వాడానండీ," అన్నాను.

డాక్టరు సంతకం పెట్టడానికి పెన్ను తీసింది. నా వెనక కుర్చీ కిర్రుమంది. అత్తయ్య లేచి నిలబడింది, బస్సులో టికెట్లు అడగడానికి నిలబడ్డట్టే నిటారుగా.

"తను వాడలేదు డాక్టరుగారూ. నేను వాడనివ్వలేదు. నూట ఇరవై ఏడుతో నింపేస్తే నూట ముప్ఫై ఒకటికి సీటుండదని, రోజూ కూరలో మామూలు ఉప్పు వేశాను. కొంచెం ఎక్కువే వేశాను."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను.

"అమ్మా, మీరు చెప్పిన లెక్క తప్పు కాదు," అంది నెమ్మదిగా. "అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి రేడియో అయోడిన్ గాల్లో కలిస్తే మేం జనానికి చేసేది అదే, మంచి అయోడిన్ ముందే ఇచ్చేస్తాం. కానీ ఈవిడకి ఇది లోపలికి వెళ్ళాలి. ఇవాళ ఇస్తే దండగ." నావైపు తిరిగింది. "ఈ సంగతి మీకు తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "తనకేం తెలీదు. పాపం, తనకి తెలీకుండా చేశాను. తప్పంతా నాదే. తనని ఏమీ అనకండి."

ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడతో ప్రతిదానికీ పోట్లాడాను. పోపు మాడిందని, కుట్టు మిషన్ చప్పుడెక్కువని, టీవీ చప్పుడు తక్కువని. ఆవిడ అబద్ధం చెప్పగా వినడం ఇదే మొదటిసారి. అదీ నాకోసం. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తెలుసండీ. నిన్ననే తెలిసింది. చెప్పొద్దని ఈవిడ నోరు కట్టేసింది నేనే. చెప్పకుండా మింగేద్దామనుకున్నాను," అన్నాను.

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మూత్రం పరీక్ష రాసింది. ఒంట్లో చేరిన అయోడిన్ తగ్గడానికి మూడు వారాలు పట్టొచ్చని, ఈ ఆలస్యం వల్ల నాకు ముప్పేమీ లేదని, మందు మళ్ళీ తెప్పిస్తానని చెప్పింది. అక్కడ పనిచేసేవాడొకడు సీసపు కుండని బండి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాగుడుకాయకి ఈ సంగతి పరీక్షలన్నీ అయ్యాక చెబుదామనుకున్నాను, అప్పటిదాకా మందు ఇంకా రాలేదంటే సరి.

బయట నడవాలో బెంచీ మీద కూర్చున్నాం. నాకు చలి ఆగడం లేదు. అత్తయ్య తన శాలువా తీసి నాకు కప్పబోతే విదిలించాను.

"ఇంకో మూడు వారాలు! మీ మూలంగా! నేను ఓర్చుకోలేను అత్తయ్యా."

ఆవిడ శాలువా మళ్ళీ కప్పింది. ఈసారి విదిలించలేదు.

"చచ్చిపోతానేమోనని భయంగా ఉంది," అన్నాను. జబ్బు బయటపడ్డ రోజునుంచీ ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా.

"నాకూ అదే భయం," అంది అత్తయ్య. "లేకపోతే నీ కూరలో చెయ్యెందుకు పెడతాను?"

నా చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఆ మనిషి, ఈసారి తనే జరిగి నాకు ఆనుకుని కూర్చుంది.