ఎవరి తాళం వాళ్లే తీయాలి

నేను ఒక ఎర్ర తాళాన్ని. బీరువా తాళమో గోదాము తాళమో అనుకునేరు. నా వెనక నగలూ ఉండవు, బియ్యం బస్తాలూ ఉండవు. మనిషి ప్రాణం ఉంటుంది. నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే పెద్ద కంపెనీ ఒకటుంది. అక్కడ ఎవరైనా యంత్రం లోపలికి దిగాలంటే ముందు దాని స్విచ్చి ఆపి, ఆ స్విచ్చికి తమ తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. లోపల మనిషి ఉండగా బయటివాడెవడూ స్విచ్చి వెయ్యకుండా పట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగం. నాకు చెవి ఒక్కటే, రెండోది చెయ్యరు. ఎవరి తాళం వాళ్లే తీయాలన్నది ఇక్కడి కట్టుబాటు.

పుట్టింది అలీగఢ్‌లో. ఎర్రరంగు పూసి, నాలాంటి వాటితో కలిపి అట్టపెట్టెలో కుక్కి రైలెక్కించారు. నేను దిగేనాటికి కంపెనీ కొత్తది, పొగగొట్టం రంగు ఇంకా మాయలేదు. నన్ను మొదట తీసుకున్నది పెంచలయ్య, రాపూరు మనిషి. స్టోరులోంచి బయటికి రాగానే సన్నటి కుంచె తెచ్చి, తెల్లరంగుతో నా ఒంటిమీద తన పేరు రాసుకున్నాడు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి గానీ ముచ్చటగానే ఉన్నాయి. మిషన్‌లోకి దిగే ముందు ప్రతిసారీ నన్నోసారి లాగి చూసి, "అబ్బయ్యా, నేనొచ్చిందాకా వదలబాకు" అనేవాడు. ఇనుముతో మాట్లాడేవాణ్ణి చూసి పక్కవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు బిగుసుకునేది.

ఆ రోజుల్లో అందరూ ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పేవాళ్లు. ఒకరి చేపలపులుసులో ఇంకొకరి చెయ్యి ఉండేది. ఎవరి కూతురికి జ్వరమో, ఎవరి మామగారు అలిగాడో నాక్కూడా తెలిసేది. తర్వాత కంపెనీ చేతులు మారింది. జీతాలు ఎక్కువైన పాతవాళ్లను లెక్క కట్టి పంపించేశారు. పెంచలయ్య నన్ను స్టోరు కిటికీలో పెట్టి, తన పేరు మీద బొటనవేలితో ఓసారి రుద్ది, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. తాళం ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత నా బతుకు సత్రమైపోయింది. వచ్చినవాడల్లా మిషన్‌లో అచ్చువేసిన చీటీ ఒకటి తెచ్చి, పాత పేరు మీద తన పేరు అంటించుకునేవాడు. ఆ జిగురు ఆరకముందే వాడికి ఇంకెక్కడో ఉద్యోగం వచ్చేది. ఒకడు సోలార్ కంపెనీకి పోయాడు, ఒకడు గుజరాత్‌కి. ఇంకొకడు పెళ్లిచూపుల్లో "రాత్రి షిఫ్టులా?" అని పిల్ల మొహం చిట్లించిందని మానేశాడు. ఎవరు పోయినా క్యాంటీన్లో కేకు కోసేవాళ్లు. కేకు మీద పేరు తప్పుగా రాయించిన సందర్భాలూ లేకపోలేదు. "టచ్‌లో ఉందాం బ్రో" అని కావలించుకున్నవాళ్లే, సాయంత్రానికి ఫోన్ గ్రూపులోంచి వాణ్ణి తీసేసేవాళ్లు.

ఎందుకు వెళ్తున్నారని అడగడానికి పై ఆఫీసులో ఒకావిడ ఉండేది. అడిగి అడిగి ఆవిడా వెళ్లిపోయింది. గేటు పక్క గోడమీద మాత్రం "మనమంతా ఒకే కుటుంబం" అని రాసి ఉంటుంది. కొత్త పెద్దసారు వచ్చినప్పుడల్లా దాన్ని చెరిపి, అదే మాటని ఇంకో రంగులో రాయిస్తాడు. మంచి కుటుంబమే లెండి.

నా చివరి చీటీ మీద పేరు కిరీటి. నవ్వుమొహం పిల్లాడు. వెళ్లిపోయే రోజున నన్ను స్టోరులో ఇవ్వకుండా, కొత్తగా చేరిన వకుళ అనే అమ్మాయి చేతిలో పెట్టాడు. "కొత్త తాళం అడిగితే నెల పడుద్ది. అందాకా ఇది వాడుకో" అన్నాడు. చీటీలు అచ్చువేసే కుర్రాడు అప్పటికే మానేశాడు. అందుకని ఆ పిల్ల నడుముకు వేలాడుతున్నా నా మీద కిరీటి పేరే ఉండిపోయింది. అది ఎంత పని చేసిందో చెప్తాను వినండి.

బాయిలరు పొగని గొట్టంలోకి లాగే పెద్ద ఫ్యాను ఒకటుంది. దాని రెక్కల మధ్య మనిషి నిలబడొచ్చు. ఆ రోజు దాన్ని ఆపి మరమ్మతు చేశారు. పని అయిపోయింది, అందరూ తాళాలు తీసుకున్నారు, కాగితాలు కంట్రోల్ రూముకి చేరాయి. వకుళకు మాత్రం ఒక రెక్క మీద పగులు కనిపించినట్టు అనుమానం. మళ్లీ చూసొస్తానని నన్ను స్విచ్చికి వేసి లోపలికి దిగింది. బయట కాపలా ఉండాల్సిన మనిషి మధ్యాహ్నం షిఫ్టు మారగానే బస్సెక్కేశాడు. వాడి బదులు రావాల్సినవాడు ఆ వారమే ఉద్యోగం మానేశాడు. ఇక ఆ పిల్ల లోపలుందని తెలిసింది నాకొక్కదానికే. నాకా, నోరు లేదు.

కాసేపటికి స్విచ్చిలగదిలోకి ఇద్దరు వచ్చారు. షిఫ్టుకు పెద్ద హరనాథ్ గారు, ఆయన వెనక ఇనుము కోసే పెద్ద కత్తెరతో మస్తాన్. ఫ్యాను ఇంకా తిరగలేదేమని పైనుంచి ఫోన్ మీద ఫోన్ వస్తోంది.

మస్తాన్ నన్ను తిప్పి చూశాడు. "కిరీటి అని ఉంది సార్. ఆ పిలకాయ మానుకోని పొయ్యాడు గదా! తియ్యకుండానే పొయ్యుంటాడు. కోసేద్దునా?"

కత్తెర నోరు తెరిచి నా మెడకు ఆనించాడు. నా గుండెల్లో రాయి పడింది. కొయ్యబాకురా, లోపల మనిషుందిరా అని అరిచాను. ఏం లాభం?

వదిలివెళ్లిన తాళం కోసే ముందు దాని మనిషికి ఫోన్ చెయ్యాలని రూలు. ఎవరూ చెయ్యరు. చేశాం, ఎత్తలేదు అని రాసేసి చేతులు దులుపుకుంటారు. హరనాథ్ గారూ ఇన్నాళ్లూ అంతే. కానీ ఆయన కూడా రాజీనామా ఇచ్చి ఉన్నారు, ఆ శుక్రవారమే ఆఖరి రోజు. వెళ్లిపోయేవాడితో ఇక్కడెవరూ మాట్లాడరు. కోపమేమీ ఉండదు, ఇంకేం పని అని అంతే. మీటింగుకు పిలవరు, టీ తాగుతుంటే పక్కన కూర్చోరు. ఆయన నా మీది పేరు వంక చాలాసేపు చూసి, "ఉండు మస్తాన్" అని ఫోన్ తీశారు. రూలు కోసం చేశారని నేననుకోను. ఎవరితోనైనా ఒక మాట మాట్లాడాలనిపించింది ఆయనకి.

"కిరీటీ, నేనయ్యా, హరనాథ్‌ని."

"సార్! మీరా! ఏంటి సార్, ఇన్నాళ్లకి?"

"ఊరికేనయ్యా. బాగున్నావా? అక్కడ తిండీ అదీ ఎలా ఉంది?"

మస్తాన్ కత్తెర పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నాడు. నాకైతే తలప్రాణం తోకకొచ్చింది. తిండి సంగతి తర్వాత, ముందు నా సంగతి అడుగు స్వామీ!

"నేనూ మానేస్తున్నానయ్యా, ఈ శుక్రవారంతో సరి."

"అవునా సార్? నాకెవరూ చెప్పలేదే."

"ఎవరు చెప్తార్లే" అని ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

"సార్, పైనించి మళ్లా చేస్తన్నారు" అన్నాడు మస్తాన్.

"సరేనయ్యా. నీ తాళమొకటి ఇక్కడ ఉండిపోయింది. కోసేస్తున్నాం, నీకో మాట చెప్దామని."

"నా తాళమా? వకుళకి ఇచ్చేశాను కద సార్."

"ఏ వకుళ?"

"కొత్తమ్మాయి సార్, వాళ్లది కావలి. మీ షిఫ్టే." అంతలోనే అవతల్నించి గావుకేక. "సార్, ఆ తాళం అక్కడుందంటే తను లోపలుంది సార్!"

హరనాథ్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మస్తాన్, తియ్యి కత్తెర! ఇక్కణ్ణించి కదలకు, దేవుడొచ్చినా దీన్ని ముట్టుకోనివ్వకు" అని, ఆ వయసులో పడుతూ లేస్తూ ఫ్యాను వైపు పరుగెత్తారు. మస్తాన్ రెండు చేతులతో నన్ను కప్పి పట్టుకున్నాడు. వాడి అరచేతులు చెమటలు పట్టి ఉన్నాయి.

హరనాథ్ గారి వెనకే వకుళ వచ్చింది. ఒళ్లంతా బూడిద, కళ్లలో నీళ్లు. "నన్ను చంపేసేవాళ్లు కదన్నా" అంది మస్తాన్‌తో. తను కాళ్లమీద నిలబడి రావడం చూసి, నాకు ఆ చెమట చేతుల్లోనే ప్రాణం లేచొచ్చింది. చెవి తీసి తనే నన్ను విప్పుకుంది. హరనాథ్ గారు అక్కడే నేలమీద కూలబడ్డారు.

"నీ పేరు కూడా నాకు తెలీదమ్మా" అన్నారు.

"మూణ్ణెల్లుగా మీ షిఫ్టులోనే ఉన్నాను సార్" అంది కోపంగా. మొహం మీది బూడిద తుడుచుకుంటూ, "మీ పేరూ నాకు తెలీదు. అందరూ షిఫ్ట్ సార్ అంటారు" అంది మెల్లగా.

శుక్రవారం ఆయనకు కేకు తేలేదెవరూ. వకుళా, మస్తానూ మలైకాజా పొట్లం పట్టుకుని గేటుదాకా వెళ్లి సాగనంపారు. ఆయన మస్తాన్ చెయ్యి ఎంతకీ వదల్లేదు. నేను ఆ పిల్ల నడుముకు వేలాడుతూ అంతా చూశాను. సాయంత్రానికి గ్రూపులో ఆయన పేరు లేదు.

ఏడాది తిరక్కుండానే వకుళకూ అనంతపురం వైపు గాలిమరల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పోతే పోయింది, చల్లగా ఉండాలి. ఆఖరి రోజు నన్ను స్టోరులో ఇచ్చే ముందు మెట్లమీద కూర్చుని, విరిగిన రంపంబద్దతో చీటీలు గీకడం మొదలుపెట్టింది. కిరీటి పోయాడు. వాడి కింద ఇంకొకడు, వాడి కింద మరొకడు, ఒక్కొక్కరే ఊడి ఆమె ఒళ్లో రాలారు. అన్నిటికీ అడుగున తెల్లరంగు బయటపడింది.

"పెంచలయ్య" అని పైకి చదివింది. "ఎవరో పాపం, చేత్తో రాసుకున్నాడు."

బద్ద ఆగింది. ఉంచెయ్యమ్మా, అదొక్కటీ ఉంచెయ్యి అని బతిమాలాను. ఆమె పెద్దగా ఊపిరి తీసుకుని, "పేరుంటే మళ్లీ ఎవరో పొరబడతారు" అని తనలో తను అనుకుని, దాన్నీ గీకేసింది.

ఆమె చేసింది మంచి పనే. ఇప్పుడు నా మీద ఏ పేరూ లేదు. ఫలానావాడు వెళ్లిపోయాడు కదా అని నన్నెవరూ కొయ్యబోరు. స్టోరు అరలో ఖాళీ ఒంటితో పడున్నాను. ఇన్నేళ్లూ మోసిన మనుషులు ఒంటిమీద లేకపోతే ఇంత ఒంటరిగా ఉంటుందనుకోలేదు. రేపో మాపో కొత్తవాళ్లెవరో వచ్చి, నన్ను స్విచ్చికి తగిలించి, మాటా పలుకూ లేకుండా లోపలికి దిగుతారు. వచ్చిందాకా వదలబాకు అని వాళ్లు చెప్పరు. చెప్పకపోయినా వదలను.