తాడు పక్కన నిలబడే మనిషి

రెండో టబ్బులో నీళ్ళు కూడా ఎర్రబడ్డాయి. వరహాలు వాటిని షెడ్డు వెనక కాలువలో పారబోసి మళ్ళీ పంపు తిప్పాడు. టబ్బులో ముప్ఫై మీటర్ల తాడు. చిటికెన వేలంత లావు, ఒకప్పుడు నీలం రంగు. వికారాబాద్ అడవిలోని మట్టంతా దాని పోగుల్లోకి చేరింది. ఆ మట్టి లోపలే ఉండిపోతే ఇసుక రేణువులు కూర్చుని తాడును లోలోపలే కోసేస్తాయి. అందుకని సబ్బు నీళ్ళలో పిసికి, జాడించి, మళ్ళీ పిసుకుతాడు. బ్రష్షు ముట్టనివ్వడు. పసిబిడ్డ తల రుద్దినట్టు రుద్దాలంటాడు.

ఇది జీపు ముందు బిగించే వించీకి, అంటే బండిని లాగే మోటారు చక్రానికి, చుట్టే తాడు. మాదాపూర్ కంపెనీల్లో వారమంతా ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళు ఆదివారం రాగానే జీపులు వేసుకుని వెళ్ళి, కావాలని బురదలో దిగబడతారు. దిగబడ్డాక ఈ తాడును ఏ చెట్టుకో తగిలించి, మీట నొక్కి బండిని బయటికి లాక్కుంటారు. కొని తెచ్చుకున్న కష్టం అంటే ఇదే. వరహాలు మొదట్లో కడుపుబ్బ నవ్వేవాడు. ఒకసారి వాళ్ళు తీసిన వీడియో చూశాక నవ్వడం మానేశాడు. నిట్టనిలువు గట్టు మీద జీపు, కింద లోయ, మధ్యలో ఈ తాడొక్కటే. జీపులో మనిషున్నాడు.

ఆ గ్యారేజీ నేరేడ్‌మెట్‌లో మేబెల్‌ది. తిరుమలగిరి మిలటరీ వర్క్‌షాపులో రిటైరైన వాళ్ళ నాన్న పెట్టిన షెడ్డు. ఆయన పోయాక ఆమె నడుపుతోంది. నలభై ఏళ్ళ మనిషి, మాట కరుకు, పని శుభ్రం. తొమ్మిదేళ్ళుగా తాళ్ళ పని మాత్రం వరహాలుకే వదిలేసింది.

వరహాలుకు యాభై తొమ్మిది. పొట్టి మనిషి, లావు మెడ, పొట్టి వేళ్ళు, నొక్కేసినట్టుండే వేలికొసలు. భీమిలి దాటాక సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, మీసం రాకముందే పడవ తాళ్ళు అతకడం నేర్చాడు. సికింద్రాబాద్ వచ్చి లారీలకు టార్పాలిన్లు కడుతూ చివరికి ఈ షెడ్డులో తేలాడు. భార్య లోవలక్ష్మి కాప్రాలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది.

ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక తప్పు చేశాడు. కొబ్బరితాడును అతికినట్టే ఈ తాడునూ జానెడు లోపలికి దూర్చి వదిలేశాడు. ఇది పట్టులా జారే తాడు. లాగగానే అతుకు ఊడి జీపు అద్దం పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ వరహాలు రెండు రోజులు అన్నం తినలేదు. అప్పటినుంచి నాలుగు జానలు లోపలికి దూర్చందే అతుకు వేయడు. వాళ్ళ పల్లెలో లంగరు తాడు అతికినవాడే ఆ పడవ ముందుగా ఎక్కాలి. ఇక్కడ పడవ లేదు కాబట్టి, అతికిన తాడును భూమిలో పాతిన రైలు పట్టా ముక్కకూ పాత జీపుకూ కట్టి లాగిస్తాడు. లాగేటప్పుడు తను దాని పక్కనే, మూరెడు దూరంలో నిలబడతాడు. మేబెల్ తిట్టని రోజు లేదు. అతను జరిగిన రోజూ లేదు.

తాడు నీడలో ఆరుతుండగా రాఘవేందర్ వచ్చాడు. తాడు అతనిదే. ఉప్పల్ కుర్రాడు, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరు.

"పెద్దాయనా, సాయంత్రం అయిదుకల్లా కావాలె. రేపు పొద్దుగాల్నే పోతున్నం. ఈసారి మా సృజన సుత వస్తది."

సృజన అతని భార్య. పెళ్ళయి ఆరు నెలలు.

"తాడుని ఎండలో ఒగ్గీసినావు కదా బాబూ. రంగు సూడు ఎలాగైపోనాదో."

"జెర మర్చిపోయిన."

"పెళ్ళికొడుక్కి గొడుగు పట్టినట్టు దీనికి గుడ్డ కప్పాల. ఎండ దీన్ని తినేస్తాది."

రాఘవేందర్ నవ్వి కుర్చీలో కూర్చున్నాడు. వరహాలు కళ్ళు మూసుకుని తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య జరుపుకుంటూ పోయాడు. కళ్ళు రంగును చూసి మోసపోతాయి, వేళ్ళు మోసపోవని అతని నమ్మకం. చిన్న గరుకు తగిలినా ఆగుతాడు. ఒకచోట ఆగాడు. అక్కడ పోగులు లేచి ఉన్నాయి. మిగతాదంతా మళ్ళీ ఒకసారి తడిమి, "బాగున్నాది," అన్నాడు. ఆ మాట అతని నోటినుంచి వస్తే ఇక ఎవరూ అడగరు. లేచిన చోట కోసి, రెండు కొసలూ ఒకదాని గుల్లలోకి ఒకటి నాలుగేసి జానలు దూర్చి, అతుకెక్కడుందో తెలియకుండా సాపు చేశాడు.

మూడు గంటలకు తాడును పరీక్షకు కట్టారు. మేబెల్ జీపు వైపు కొస తగిలించి, తన చేతికి అంటిన ఎర్రటి మరక చూసుకుని ఆగిపోయింది.

"అంకుల్, మీ చెయ్యి కట్ అయిందా?"

"నేదే."

కుడిచేతి నడిమి వేలు కొస చీలి ఉంది. నెత్తురు అరచేతిలోకి కారి ఎండిపోయింది. వరహాలు దాన్ని వేరెవరి చెయ్యో అన్నట్టు చూశాడు. తర్వాత తాడు వెంట వెనక్కి నడిచాడు. నీలం మీద బారకొక మచ్చ, బారకొక మచ్చ. ఒకచోటికి వచ్చేసరికి మచ్చలు లేవు. మేబెల్ అక్కడ వేలు పెట్టి, "ఇక్కడేదో గుచ్చుతోంది," అంది.

పోగులు విప్పి చూస్తే గోరుముక్కంత ఇనుప పెచ్చు. పన్నెండు పాయల్లో నాలుగు తెగిపోయి ఉన్నాయి. అంతకుముందు అదే వించీకి ఇనుప తాడు వాడారు. అది వించీ ముందు తాడు జారే రోలర్‌ను గీరి లేపిన పెచ్చు, రోలర్‌కు ఆకురాయి పెట్టకుండానే కొత్త తాడు చుట్టేశారు.

"గింత సన్నది ఎవరికి దొరుకుతది పెద్దాయనా," అన్నాడు రాఘవేందర్. "పరేషాన్ గాకు."

వరహాలుకు భయం వేసింది. తన ప్రాణం గురించి కాదు. ఈ పిల్లవాడూ, ఇంకా తను చూడనైనా చూడని ఆ అమ్మాయీ రేపు తన ఒక్క మాట మీద గట్టెక్కబోయారు. పదకొండేళ్ళుగా షుగరు. నాలుగు నెలలుగా చెప్పు ఊడిపోయినా నాలుగడుగులు నడిచాక గానీ తెలియడం లేదు. వయసులే అని సర్ది చెప్పుకున్నాడు. తెలియక కాదు, ఒప్పుకోవడం ఇష్టంలేక.

"నాకు దొరకాల బాబూ. ఇన్నాళ్ళూ దొరికీసేది." చెయ్యి చాపి చూపించాడు. "నా సేతి ఏళ్ళు సచ్చిపోనాయి. నానే ఎవులికీ సెప్పనేదు."

తాడు కొస తీసి మేబెల్ చేతిలో పెట్టాడు.

"మేబెలమ్మా, కళ్ళు మూసుకో. నువ్వు పట్టు."

"నేనా?"

"తొమ్మిదేళ్ళు సూసినావు కదా. నెమ్మదిగా. పరుగెట్టకు."

ఆమె తాడంతా రెండుసార్లు తడిమింది. ఒకచోట ఆగింది, పోగు మెలికపడి ఉంది, అంతే. వరహాలు వేలికి గుడ్డ చుట్టుకుని, పెచ్చు ఉన్న జానెడు మేరా కోసేసి మళ్ళీ అతికాడు. తడిమి తెలుసుకోవడం పోయింది గానీ అల్లడం పోలేదు. చేతులు ఎప్పటిలాగే చకచకా నడిచాయి. అతుకును కూడా ఆమె చేతనే నొక్కించాడు.

"ఓకే అంకుల్. క్లీన్‌గా ఉంది. కానీ ఈసారి మీరు నిలబడొద్దు. చెక్ చేసింది నేను కదా, నేనే నిలబడతా."

"నువ్వు జీపెక్కు. ఇన్నాళ్ళూ నా ఏళ్ళని నమ్మి నిలబడ్డాను. ఇయ్యాల నీ ఏళ్ళని నమ్ముతాను."

ఆమె జీపెక్కి స్టీరింగు పట్టుకుంది. అతను మూరెడు దూరంలో నడుమున చేతులు పెట్టుకుని, ఎప్పటిచోటే నిలబడ్డాడు. జీపు ముందుకు ఊగింది. తాడు బిగిసి ఇనుప కడ్డీ అయింది. చక్రాలు కంకరను వెనక్కి చిమ్మాయి, రబ్బరు కాలిన వాసన వేసింది. తాడు తెగలేదు, అతుకు జారలేదు. అతను తల ఊపాకే ఆమె బ్రేకు వేసింది.

రాఘవేందర్ తాడు చుట్టుకున్నాడు. వెళ్ళేముందు రోలర్‌ను ఆకురాయితో తనే అరగంట రుద్దాడు. వరహాలు పక్కన నిలబడి ఇంకా, ఇంకా అంటూ రుద్దించాడు.

అయిదున్నరకు వరహాలు మొహం కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

"సోమవారం నుంచి నాను రానమ్మా."

"లీవా?"

"కాదు."

మేబెల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "మరి తాళ్ళు?"

"నువ్వున్నావు కదా. అనుమానమొస్తే తాడుని తీసీ. మనిషిని ఎక్కించకు."

నేరేడ్‌మెట్ చౌరస్తాలో కాప్రా బస్సు ఖాళీగానే దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. తన వల్ల ఒకరి ప్రాణం పోకముందే తప్పుకున్నందుకు గర్వమే కలిగింది. ఇంటికి వెళ్ళి లోవలక్ష్మికి షుగరు మాత్రలు సరిగా వేసుకోని సంగతి దాచకుండా చెప్పాలనుకున్నాడు.

షెడ్డులో మేబెల్ షట్టరు దించబోతూ తన బల్ల వైపు చూసింది. బల్ల పైన గోడకు, కూర్చుంటే కళ్ళకు ఎదురుగా వచ్చేటట్టు వరహాలు వెళ్ళేముందు కొట్టిన కొత్త మేకు ఉంది. దానికి జానెడు నీలం తాడు ముక్క వేలాడుతోంది, మధ్యలో ఎండిన నెత్తురు, తెగిన పాయల సందున ఇంకా తియ్యని ఇనుప పెచ్చు.